వేవ్‌లెట్ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల మీద పత్తి, మిరప ఏపుగా ఉన్న రోజుల్లో సెంటినల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి ఆ పొలాల బొమ్మ తీస్తుంటాయి. ఐరోపా వాళ్లు 2015లో ఒకటి, 2017లో రెండోది పైకి పంపారు. బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల చదరం. పర్చూరు, దర్శి, సత్తెనపల్లి పొలాలన్నీ అందులో ఉంటాయి. ఆ బొమ్మలు మన కంప్యూటర్లకు చేరేది జేపెగ్ 2000 ఫైళ్లుగా. ఆధార్ మీది సెక్యూర్ క్యూఆర్ కోడ్‌లో దాగిన ఫొటో కూడా ఆ రూపంలోనిదే. ఆ ఫైళ్ల లోపల జరిగే పని వేవ్‌లెట్ ట్రాన్స్‌ఫార్మ్. పొలం బొమ్మ అంకెల గుత్తిగా విడిపోయి, మన దగ్గరికొచ్చాక మళ్లీ పొలంగా కూడుకుంటుంది.

ఈ పని చేసే ఆల్గారిథంలో కూడిక, తీసివేత, కొద్దిపాటి గుణకారం తప్ప వేరే ఏమీ లేవు. హైస్కూలు పిల్లలకు వచ్చిన లెక్కలే. అయినా మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకు వేవ్‌లెట్ తీసుకున్న పిల్లల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ టూల్‌బాక్స్‌లో ఒక ఆదేశం కొట్టి, వచ్చిన బొమ్మలు రిపోర్టులో అతికించి ఊరుకుంటారు. లోపల ఏం జరిగిందని వైవాలో అడిగితే ఇంటిగ్రల్ గుర్తున్న సూత్రం ఒకటి బోర్డు మీద రాస్తారు. కంప్యూటరు చేసింది ఆ ఇంటిగ్రల్ కాదు. తప్పు పిల్లలది కాదు, వివరణ మొదలైన చోటుది. గత నలభై ఏళ్లలో ఈ విషయాన్ని వివరించడానికి పెద్దలు వేసిన దారులను ఒక్కొక్కటే చూసి, మన పిల్లలకు ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడం ఈ వ్యాసం పని.

ఎక్కువ పుస్తకాలు పట్టే దారి ఫూరియే నుంచి మొదలవుతుంది. ఫూరియే 1822లో వేడి ప్రసరణ మీద పుస్తకం వేశాడు. ఏ సంకేతాన్నయినా సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చన్నది అందులోని ఊహ. ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో అది చెబుతుంది, ఎప్పుడు ఉన్నాయో చెప్పదు. 1946లో గేబర్ సంకేతాన్ని చిన్న కిటికీలో నుంచి చూడమన్నాడు. కిటికీ వెడల్పు మారదు కాబట్టి క్షణికమైన కుదుపుకు అది వెడల్పు ఎక్కువ, నిదానమైన మార్పుకు ఇరుకు. ఫ్రాన్స్‌లో చమురు అన్వేషణలో పనిచేసిన జాన్ మోర్లే భూమి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులతో కుస్తీ పడుతూ కిటికీనే సాగదీశాడు, కుదించాడు. అలా సాగదీయడానికి, కుదించడానికి వీలైన చిన్న తరంగమే వేవ్‌లెట్. భౌతిక శాస్త్రవేత్త అలెక్స్ గ్రాస్‌మన్ దానికి గణితం కూర్చాడు. ఇద్దరి పేరుతో 1984లో పత్రం వచ్చింది.

ఎందుకు అనే ప్రశ్నకు ఈ దారి చక్కగా జవాబిస్తుంది. ఎలా అనే ప్రశ్న దగ్గర చెయ్యి వదిలేస్తుంది. మూడు అధ్యాయాలు చదివాక కూడా విద్యార్థి కాగితం మీద ఒక్క గుణకం కట్టలేడు. పైగా ఇందులో వచ్చే నిరంతర ట్రాన్స్‌ఫార్మ్ ఒక సంకేతాన్ని అవసరానికి మించి ఎన్నో రెట్లు అంకెలుగా పరుస్తుంది. ఫొటో కుదించడానికి పనికొచ్చేది అది కాదు. అందుకే ఈ దారిన వచ్చినవాళ్లకు రెండు వేర్వేరు పరికరాలు ఒకే పేరుతో తలలో కలగాపులగమవుతాయి.

ఈ దారిలోనూ ఒక మేలిమి వివరణ ఉంది. క్రిస్టఫర్ టోరెన్స్, గిల్బర్ట్ కాంపో 1998లో అమెరికా వాతావరణ సంఘం పత్రికలో రాసిన ఆచరణ మార్గదర్శి అది. పసిఫిక్ సముద్రపు ఎల్ నీన్యో ఉష్ణోగ్రతలను చేతిలో పట్టుకుని, ప్రతి అడుగూ పాఠకుడి చేత వేయిస్తారు. మోర్లే వేవ్‌లెట్‌లో వాళ్లు ఎంచుకున్న అమరికకు స్కేలును, అంటే సాగదీత కొలతను, 1.03తో గుణిస్తే ఆవర్తన కాలం వస్తుందని చెబుతారు. కనిపించిన చక్రం నిజమైనదా, యాదృచ్ఛికంగా పుట్టిందా అన్నది తేల్చే పరీక్ష చూపిస్తారు. సంకేతం రెండు చివర్లలో ఎంత మేర నమ్మకూడదో గీత గీసి మరీ చూపిస్తారు. మన వాన లెక్కలు చూసేవాళ్లు ముందుగా నేర్వవలసింది ఆ గీత గురించే. ప్రకాశం జిల్లాకు నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనం వానా ముఖ్యమే. ఆ రెంటి ఎగుడుదిగుళ్లలో చక్రాలు వెతికేవాళ్లు ముప్ఫై ఏళ్ల వాన లెక్క పట్టుకుని పదహారేళ్ల చక్రం కనిపించిందంటే, అది ఆ గీత అవతలి మాట. దాని మీద పంటల సలహా కట్టకూడదు.

రెండో దారి గణితజ్ఞులది. ఈవ్ మేయర్ 1985 ప్రాంతంలో గ్రాస్‌మన్, మోర్లే పని చూసి అందులో దిగాడు. స్తెఫాన్ మల్లా అప్పటికి అమెరికాలో కంప్యూటర్ విజన్ మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి. ఒకదానిలో ఒకటి ఇమిడిన అంతరాళాల వరుసగా మొత్తం విషయాన్ని ఆ ఇద్దరూ పేర్చారు. ఇంగ్రిడ్ డాబెషీ 1988లో కొన్ని అంకెలతోనే ముగిసిపోయే వేవ్‌లెట్లను కట్టి చూపించింది. 1992లో అచ్చయిన ఆమె పది ఉపన్యాసాల పుస్తకం ఇప్పటికీ ప్రామాణికం. మేయర్‌కు 2017లో ఆబెల్ బహుమతి, డాబెషీకి 2023లో వుల్ఫ్ బహుమతి వచ్చాయి. ఈ కట్టడం అందం నాకు ఎంతో ఇష్టం. ఎమ్మెస్సీ గణితం వాళ్లకు ఇది చెప్పి తీరాలి. మొదటి పాఠంగా మాత్రం ఇది నడవదు. దీన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన ఉదాహరణలన్నీ, ఆల్గారిథం ఒకసారి చేత్తో చేసినవాళ్ల దగ్గరే ఉంటాయి.

మూడోది ఎలక్ట్రానిక్స్ వాళ్ల దారి. ఇది మోర్లే, మేయర్‌ల పనికన్నా పాతది. మాటల సంకేతాన్ని రెండు పట్టీలుగా చీల్చి మళ్లీ అతికే ఫిల్టర్లను క్రోసియే, ఎస్తెబాన్, గలాన్ 1976లోనే చూపించారు. సంకేతాన్ని తక్కువ పౌనఃపున్యాల ఫిల్టరులో ఒకసారి, ఎక్కువ పౌనఃపున్యాల ఫిల్టరులో ఒకసారి పంపి, రెండింటిలోనూ ఒకటి విడిచి ఒకటి పారేయడం ఇందులో పద్ధతి. మన దేశంలో పుట్టి కాల్‌టెక్‌లో స్థిరపడిన పి.పి. వైద్యనాథన్ 1993లో ఈ ఫిల్టర్ల మీద రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివారు. 1996లో గిల్బర్ట్ స్ట్రాంగ్, ట్రువాంగ్ వెన్ కలిసి దీన్ని మాత్రికల భాషలో మరింత దగ్గర చేశారు. ఈసీఈ పిల్లలకు ఫిల్టరు ముందే పరిచయం కాబట్టి వాళ్లకిది సుగమం. అయితే సగం అంకెలు పారేశాక కూడా సంకేతం పూర్తిగా ఎలా తిరిగొస్తుందన్న ప్రశ్న ప్రతి బుర్రలోనూ లేస్తుంది. దానికి జవాబుగా పుస్తకం పెట్టే షరతుల సమీకరణాలు నిజమే చెబుతాయి గానీ, నమ్మకం కలిగించవు.

నమ్మకం కలిగించేది నాలుగో దారి, వేవ్‌లెట్లలో అన్నిటికన్నా పాతది. హంగరీవాడైన ఆల్ఫ్రెడ్ హార్ 1909లో గటింగెన్‌లో హిల్బర్ట్ దగ్గర చేసిన పరిశోధనలో వచ్చింది. జతలో సగటు ఎంత, తేడా ఎంత? ఈ రెండు ప్రశ్నలే దాని పెట్టుబడి. ఐఐటీ బొంబాయిలో విక్రమ్ గద్రే ఎన్‌పీటీఈఎల్ పాఠాల్లో హార్ నుంచే ఎత్తుకోవడం మంచి నిర్ణయం.

ఒక ఉదాహరణ కడదాం. గుంటూరు మిర్చి యార్డుకు వరుసగా ఎనిమిది పని దినాల్లో వచ్చిన సరుకు, వేల టిక్కీల (మిరప బస్తాల) లెక్కలో, ఇలా ఉందనుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి: మంగళవారం 120, బుధవారం 124, గురువారం 126, శుక్రవారం 122. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. సోమవారం 180, మంగళవారం 176, బుధవారం 150, గురువారం 154. సెలవు రెండు రోజుల్లో ఊళ్లలో పోగుబడ్డ సరుకు సోమవారం ఒక్కసారిగా దిగడం ఈ వ్యాపారం తెలిసిన ఎవరికైనా అర్థమయ్యేదే.

రెండేసి రోజులు జతకట్టండి. జతలో రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే తేడా. ఆ తేడాలో సగం మొదటిదానికి కలిపితే సగటు. తేడాలు 4, −4, −4, 4. సగటులు 122, 124, 178, 152. ఇది మొదటి మెట్టు. తేడాలను పక్కన పెట్టి, సగటుల మీద మళ్లీ అదే పని చేయండి. తేడాలు 2, −26. సగటులు 123, 165. ఇంకోసారి చేస్తే తేడా 42, సగటు 144. ఎనిమిది అంకెలు పెట్టాం, ఎనిమిదే వచ్చాయి: 144, 42, 2, −26, 4, −4, −4, 4. మొదటిది ఎనిమిది రోజుల సగటు. రెండోది మొదటి నాలుగు రోజులకూ తర్వాతి నాలుగు రోజులకూ మధ్య తేడా. చివరి నాలుగూ పక్కపక్క రోజుల చిల్లర హెచ్చుతగ్గులు. మొత్తం ఏడు జతల పని. వెయ్యిన్నీ ఇరవై నాలుగు అంకెలుంటే 1023 జతలు. వేగంలో ఫూరియే లెక్క కూడా దీన్ని అందుకోలేదు.

విప్పడం ఇంకా ముఖ్యం. సగటులోంచి తేడాలో సగం తీసేస్తే జతలో మొదటిది, దానికి తేడా కలిపితే రెండోది. 144, 42 నుంచి 123, 165 వస్తాయి. 123కు 2, 165కు −26 వాడితే 122, 124, 178, 152 వస్తాయి. ఇంకో మెట్టు దిగితే ఎనిమిది రోజుల లెక్కా పొల్లుపోకుండా చేతికొస్తుంది. సగం పారేసినా సంకేతం ఎలా తిరిగొచ్చిందన్న ప్రశ్న ఇక లేవదు. పారేసినట్టు కనిపించిన సమాచారమంతా తేడాల్లో భద్రంగా ఉందని విద్యార్థి తన చేత్తో చూశాడు. ఈ తిరుగు ప్రయాణం చేత్తో చేయించని వివరణను నేను పూర్తయిన వివరణగా ఒప్పుకోను.

ఇప్పుడు 4 కంటే మించని తేడాలన్నీ సున్నా చేసి విప్పి చూడండి: 123, 123, 123, 123, 178, 178, 152, 152. చిల్లర హెచ్చుతగ్గులు పోయాయి, సోమవారం ఎగుడు మాత్రం నిట్టనిలువుగా నిలిచింది. ఫూరియేలో పై పౌనఃపున్యాలు కోసేస్తే ఆ ఎగుడు అటూ ఇటూ ఒరిగి, గుండ్రబడి ఉండేది. ఎంతకంటే చిన్న తేడాను కోయాలన్న ప్రశ్నకు డేవిడ్ డోనహో, ఇయన్ జాన్‌స్టన్ 1994లో లెక్క ఇచ్చారు. సంకేతంలోని రొద పరిమాణాన్ని, మొదటి మెట్టు తేడాల గుర్తులు వదిలేసి, వాటి మధ్యగతం నుంచి కొలవమన్నారు. సగటు కాకుండా మధ్యగతమే ఎందుకన్నది పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ఏడాది లెక్కలో నాలుగైదు పెద్ద సోమవారాలు మొత్తం రొద కొలతను పాడుచేయకూడదు కదా.

ఇక్కడితో ఆగిపోయే వివరణలు చాలా ఉన్నాయి. ఆగితే విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. లెక్కను మంగళవారం బదులు బుధవారం నుంచి మొదలుపెట్టి చూడండి. మొదటి 120 పోయి, చివర శుక్రవారం 152 చేరిందనుకుందాం. జతలు మారిపోయాయి. మొదటి మెట్టు తేడాలు ఇప్పుడు 2, 58, −26, −2. ఇందాక మూడో మెట్టులో 42గా కనిపించిన సోమవారం ఎగుడు, ఇప్పుడు మొదటి మెట్టులో 58గా దిగింది. సరుకు అదే, సోమవారం అదే. మారింది మనం లెక్క మొదలుపెట్టిన రోజు. మొదటి మెట్టంటే రొద అని బట్టీపట్టిన విద్యార్థి ఈ సోమవారాన్ని రొద కింద జమకట్టేస్తాడు. ధరల మీద, సరుకు రాక మీద వేవ్‌లెట్ వేసి ఫలానా మెట్టు వ్యాపారుల ఊహాగానం, ఫలానా మెట్టు రుతువు అని పేర్లు పెట్టే పత్రాలు చూసినప్పుడల్లా నాకు ఈ ఎనిమిది అంకెలు గుర్తొస్తాయి. మందు లేకపోలేదు. అంకెలు పారేయకుండా ప్రతి రోజునుంచీ జతకట్టే పద్ధతులున్నాయి. ఫ్రెంచి వాళ్లు 1989లోనే ఒకటి చెప్పారు. కాలశ్రేణుల కోసం డొనాల్డ్ పెర్సివల్, ఆండ్రూ వాల్డెన్ 2000లో వేసిన పుస్తకం ఇలాంటి పద్ధతిని విస్తారంగా చెబుతుంది. అంకెలు ఎక్కువవుతాయి, ఫొటో కుదించడానికి పనికిరాదు, విశ్లేషణకు మాత్రం ఇదే సరైంది. కుదింపుకు ఒకటి, విశ్లేషణకు ఒకటి అని మొదటి వారంలోనే విడదీసి చెప్పాలి.

అయిదో దారి లిఫ్టింగ్. బెల్జియం వాడైన విమ్ స్వెల్డెన్స్ 1990ల మధ్యలో తెచ్చాడు. మనం పైన హార్ లెక్క చేసింది నిజానికి ఈ పద్ధతిలోనే. అంకెలను ఒకటి విడిచి ఒకటి రెండు వరుసలుగా విడదీస్తాం. మొదటి వరుసను బట్టి రెండో వరుసను ఊహిస్తాం. ఊహ ఎంత తప్పిందో అదే తేడా. తర్వాత ఆ తేడాతో మొదటి వరుసను సవరించి సగటు నిలబెడతాం. హార్‌లో ఊహ చాలా మొరటుది: రేపు కూడా ఇవాళ్టిలాగే ఉంటుందని. కాస్త మెరుగైన ఊహ: అటూ ఇటూ ఉన్న ఇద్దరి సగటు. మన అంకెల్లో 124ను 120, 126ల సగటు 123గా ఊహిస్తే తప్పింది 1. శుక్రవారం 122ను 126, 180ల సగటు 153గా ఊహిస్తే తప్పింది −31. 176కు 11. చివరి 154కు కుడివైపు ఎవరూ లేరు కాబట్టి 150నే అద్దంలో చూసినట్టు అటువైపూ పెట్టుకుంటే 4. సవరణలో మొదటి వరుసలోని ప్రతి అంకెకూ రెండు పక్కల తేడాల మొత్తంలో నాలుగో వంతు కలుపుతాం. ఇంతే. జేపెగ్ 2000లో ఒక్క చుక్క కూడా పోకుండా బొమ్మ దాచే 5/3 వేవ్‌లెట్ ఇదే, పూర్ణాంకాలకు సర్దే చిన్న మార్పుతో. బొమ్మకైతే అడ్డవరుసల మీద, నిలువు వరుసల మీద విడివిడిగా చేస్తారు. కొంత నష్టానికి ఒప్పుకునే కుదింపుకు 9/7 అనేది ఉంది. అందులోనూ ఇవే ఊహ, సవరణ అడుగులు, కాకపోతే రెండేసి సార్లు. అమెరికా ఎఫ్‌బీఐ 1993లో వేలిముద్రలు దాచడానికి ఎంచుకున్నదీ 9/7నే.

లిఫ్టింగ్‌ను నేను అన్నిటికన్నా ముందు పెట్టడానికి కారణం సులువు ఒక్కటే కాదు. విప్పడం ఇందులో నిరూపించనక్కర్లేదు. సవరణలో కలిపింది తీసేయడం, ఊహలో తీసింది కలపడం, వరుస తిరగేయడం. ఊహ ఎంత తెలివితక్కువదైనా సరే, సంకేతం పూర్తిగా తిరిగొస్తుంది. అందువల్ల ఊహను మార్చే స్వేచ్ఛ విద్యార్థికి దొరుకుతుంది. విషయజ్ఞానానికి ఆల్గారిథంలో చోటు దొరికేది అక్కడే.

యార్డు లెక్కలకు ఈ స్వేచ్ఛ ఎంత అవసరమో చూడండి. పుస్తకాల్లోని వేవ్‌లెట్లన్నీ సమాన దూరాల్లో ఉన్న అంకెలను కోరతాయి. మన యార్డు వారానికి అయిదు రోజులు నడుస్తుంది, పండుగలకు మూస్తారు, ఎండాకాలంలో ఇంచుమించు నెల రోజులు సెలవిస్తారు. అంకెల వరుసలో గురువారం, శుక్రవారం, సోమవారం పక్కపక్కనే కూర్చుంటాయి గానీ శుక్రవారానికి గురువారం ఒక రోజు దూరం, సోమవారం మూడు రోజుల దూరం. దూరాన్ని లెక్కలోకి తీసుకుంటే ఊహలో గురువారానికి నాలుగింట మూడు పాళ్లు, సోమవారానికి ఒక పాలు బరువు ఇవ్వాలి. 126, 180 అంకెలతో అది 139.5 అవుతుంది. తప్పింది −31 కాదు, −17.5. సవరణ బరువులూ దానికి తగ్గట్టు మార్చాలి. సమదూరాలు లేని అంకెల కోసమే స్వెల్డెన్స్ 1998 పత్రంలో రెండో తరం వేవ్‌లెట్లు అన్నాడు. సరుకు రాక లెక్కకైతే దూరం బరువు కూడా చాలదు. సోమవారం ఎక్కువ వస్తుందన్నది ముందే తెలిసిన సంగతి కాబట్టి ఆ మామూలు పెంపును ఊహలోనే పెట్టేయవచ్చు. అప్పుడు తేడాగా మిగిలేది మామూలు సోమవారాన్ని మించిన సోమవారం మాత్రమే. కమీషన్ వ్యాపారి తలలో రోజూ చేసుకునే లెక్క అది. ఆల్గారిథం దాన్ని ఒక వరుసలో రాసుకోగలుగుతోంది.

లెక్కకు ముందు సరుకు సంగతి కూడా తెలియాలి. పేపర్లో రోజూ వచ్చే మిర్చి ధరల్లో ఏసీ సరుకు, నాన్ ఏసీ సరుకు వేరువేరుగా వేస్తారు. కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయా, కల్లంలో ఎండి నేరుగా వచ్చిన కాయా ఒకటి కావు. తేజ, 334, బాడిగ రకాలూ ఒకటి కావు. తాలు కాయల ధర వేరే. వీటన్నిటి ధరలను ఒక్క వరుసగా కలిపి వేవ్‌లెట్ వేస్తే, కొత్త పంట రాగానే కనిపించే కుదుపు ధర మార్పో, సరుకు మార్పో చెప్పలేం. ఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థ వాళ్లు వానల మీద, పంట ధరల మీద వేవ్‌లెట్‌తో విడదీసి, ఒక్కో మెట్టునూ విడిగా అంచనా కట్టి కూర్చే పని ఏళ్లుగా చేస్తున్నారు. ఆ దారిలో మిర్చి మీద పనిచేయాలనుకునే మన పిల్లలు మొదటి నెల యార్డులో తిరిగి, రెండో నెల కంప్యూటరు ముందు కూర్చోవడం మంచిది. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయి కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన చోట ఇది. ఇక్కడ అంచనా తప్పితే నష్టపోయేది కౌలు కట్టి మిరప వేసినవాడు.

పొలం వైపూ ఇదే వరస. జపాన్‌లో సకమోటో బృందం 2005లో ఉపగ్రహం చూపే పచ్చదనం లెక్కను వేవ్‌లెట్‌తో నునుపు చేసి వరి నాట్లు, ఈనిక, కోత తేదీలు పట్టుకుంది. వరి వాళ్లకు ఏకపంట. మిరప, పత్తి పక్కపక్కనే కలగలిసిన మన చేలల్లో ఆ పని కష్టం. మబ్బు పట్టిన రోజుల్లో బొమ్మ ఉండదు కాబట్టి ఇక్కడా సమదూరాల చిక్కే. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప తోటలను దెబ్బతీసినప్పటిలాంటి ఆకస్మిక పతనాన్ని, పంట పండి నిదానంగా పచ్చదనం తగ్గడాన్ని వేరుచేసి చూపడానికి పెద్ద మెట్టు తేడా, చిన్న మెట్టు తేడా అన్న భేదం సరిగ్గా సరిపోతుంది. ఆ పరీక్ష మన జిల్లాల పొలాల మీద పకడ్బందీగా జరగాలి.

పిల్లల్ని టూల్‌బాక్స్ దగ్గర పడదోసే గోతులు కొన్ని ఉన్నాయి. వీటి గురించి మంచి పుస్తకాలు కూడా పొడిపొడిగా చెప్పి వదిలేస్తాయి. చేత్తో 144 వచ్చిన చోట టూల్‌బాక్స్ 407.29 చూపిస్తుంది. అది తప్పు కాదు. శక్తి మొత్తం మారకుండా ఉండాలని వాళ్లు ప్రతి మెట్టులో 2తో కాకుండా √2తో భాగిస్తారు. మూడు మెట్లకు సగటు √8 రెట్లు పెరుగుతుంది, 144ను 2.8284తో గుణిస్తే అదే. తేడా గుర్తు కూడా కొన్ని చోట్ల తిరగబడి ఉంటుంది. రెండో గొయ్యి అంచులది. ఎనిమిది అంకెలను డాబెషీ నాలుగు గుణకాల వేవ్‌లెట్‌తో, టూల్‌బాక్స్ మామూలు అమరికలో విడదీస్తే నాలుగూ నాలుగూ కాకుండా అయిదూ అయిదూ వస్తాయి. అంచుల్లో అద్దం పెట్టినందుకు అది కట్టే ధర. ఎనిమిది పెడితే పది ఎందుకొచ్చాయని అడగని విద్యార్థి గురించే ఉపాధ్యాయుడు బెంగపడాలి. మూడోది పేర్లది. అదే వేవ్‌లెట్‌ను ఒక పుస్తకం గుణకాల లెక్కన డీ4 అంటుంది, ఇంకొకటి డీబీ2 అంటుంది. ఒకచోట ఒకటో మెట్టంటే అతి సన్నని వివరం, ఇంకోచోట అంకె పెరిగేకొద్దీ వివరం సన్నబడుతుంది. ఇవి గణితం కాదు, అలవాట్లు. అయినా ఒక విద్యార్థి వారం రోజులు వీటిలో చిక్కుకుంటాడు. పాఠం మొదటి పేజీలోనే ఈ మూడూ ప్రకటించడం రచయిత బాధ్యత.

వివరించడంలో మనకు ఆదర్శం కావాలంటే కామిశెట్టి రామమోహనరావు పేరు తలచుకోవాలి. మద్రాసు గిండి ఇంజినీరింగ్ కాలేజీలో 1952లో పట్టా పుచ్చుకుని, తర్వాత టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు బోధించి, 2021లో కన్నుమూశారు. నసీర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి ఆయన 1974లో ప్రకటించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ మీదే మన ఫోన్లలోని మామూలు జేపెగ్ ఫొటో నిలబడి ఉంది. ఆ పత్రం కొద్ది పేజీలదే. సూత్రం, అది ఎంత బాగా పనిచేస్తుందో పోలిక, లెక్కకట్టే విధం అన్నీ అందులోనే ఉన్నాయి. చదివినవాడు ఆ సాయంత్రమే ప్రోగ్రాం రాసుకోవచ్చు. జేపెగ్ 2000 బొమ్మను చిన్న గడులుగా కోయదు కాబట్టి, గట్టిగా కుదించినప్పుడు పాత జేపెగ్‌లో కనిపించే ఎనిమిదేసి చుక్కల గడుల గీతలు దీనిలో రావు. అయినా ఫోన్లలో పాతదే నిలిచింది. సులువుగా అమలుచేయగలగడం దానికున్న బలం. వేవ్‌లెట్ల గురించి రాసేవాళ్లు దీని నుంచి నేర్చుకోవలసింది ఉంది.

ఇంత చూశాక నా తీర్పు ఇది. పాఠం లిఫ్టింగ్ రూపంలోని హార్‌తో, విద్యార్థికి అర్థం తెలిసిన ఎనిమిది అంకెలతో మొదలవ్వాలి. చేయడం, విప్పడం, కోసి విప్పడం మొదటి రోజే అయిపోవాలి. ఒక రోజు జరిపి చూపించి జతల లోపాన్ని బయటపెట్టడం రెండో రోజు. తర్వాత మెరుగైన ఊహ, 5/3, అంచులు. ఆ తర్వాతే ఫిల్టర్లు. ఇక్కడికి వచ్చేసరికి ఫిల్టరు గుణకాలు తాము చేసిన ఊహ, సవరణ కలిసినవేనని వాళ్లే కనిపెడతారు. ఫూరియే, మోర్లే, ఎల్ నీన్యో ఆ తర్వాత. మేయర్, మల్లా, డాబెషీ సిద్ధాంతం చివర. ఎక్కువ పుస్తకాలు ఫూరియేతో మొదలుపెట్టే వరుసకు ఇది దాదాపు తలకిందులు. స్ట్రాంగ్, వెన్ పుస్తకాన్ని మూడో వారం నుంచి, టోరెన్స్, కాంపో పత్రాన్ని ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు చేతికివ్వాలి. డాబెషీ పుస్తకం లైబ్రరీలో ఉండాలి, కోరినవాళ్లు వెతుక్కుని వెళ్తారు.

గుంటూరు, బాపట్ల, చీరాల, ఒంగోలు కాలేజీల్లో సిగ్నల్ ప్రాసెసింగ్ చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. వచ్చే సెమిస్టరు వేవ్‌లెట్ పాఠానికి ప్రొజెక్టరు ఆపి, ఆ వారం యార్డుకొచ్చిన టిక్కీల లెక్క పేపర్లోంచి తీసి బోర్డు మీద రాయండి. పిల్లలు కాగితం మీద విడదీసి, మళ్లీ కూర్చి, అంకెలు సరిపోయాయని మీకు చూపించాకే టూల్‌బాక్స్ తెరవనివ్వండి. ఆ పాఠాన్ని తెలుగులో రాసి, ఏ కాలేజీ పిల్లలైనా చదువుకునేలా అందుబాటులో ఉంచండి.